మెట్లు కొలిచి చూపించాను

అమ్మాయీ, నేను కులాసాగానే ఉన్నాను, ఇల్లు మాత్రం ఇంకా అమ్ముడుపోలేదు. అది అమ్మితేనే అమ్మ కంటికి ఆపరేషన్ అని తెలిసి కూడా నిన్న బేరం నేనే చెడగొట్టాను. టీచర్ దంపతులు వచ్చారు. ఆవిడ వంటింటి కిటికీకి ఏ రంగు తెర వెయ్యాలా అని అప్పుడే ఆలోచిస్తోంది. నేను ఊరుకోలేక టేపు తెచ్చి, ఈ ఇల్లు కట్టిన మీ మేనమామ పనితనం చూడమంటూ మెట్లు కొలిచి చూపించాను. పదకొండు మెట్లలో ఏ రెండూ ఒకే ఎత్తులో లేవు. మళ్లీ కబురు చేస్తామని వాళ్లు వెళ్లిపోయారు. బ్రోకరు చెప్పులు వేసుకుంటూ, "పెద్దాయనా, మీరు ఇల్లు చూపిస్తున్నారా, బావమరిది మీద చార్జిషీటు చదువుతున్నారా? ఇప్పటికి ఆరుగురు పోయారు" అన్నాడు. నేను టేపు చుట్టి జేబులో వేసుకున్నాను.

డాక్టరుగారు ఇంకో నెల ఆగుతారేమో కనుక్కో. అక్కడ అమ్మకు రెండో కంటికి కూడా మసక కమ్ముతోందా? దాచకుండా రాయి. చుక్కల మందు వేళకు వేస్తున్నావా? ఇల్లు అమ్మి నేనూ అక్కడికి వచ్చేశాక, నా పుస్తకాలకు మీ ఇంట్లో ఒక్క బీరువా చోటు చాలు.

పొద్దున నేనే మీ మేనమామ ఇంటికి వెళ్లి తాళాలు చేతిలో పెట్టాను. తొమ్మిదేళ్ల తర్వాత మాట్లాడటం. "ఇకమీదట వచ్చినవాళ్లకు నువ్వే చూపించు" అన్నాను.

"చూపిస్తాను బావా, మెట్లు కూడా సరిచేయిస్తాను. ఆ పూట నువ్వు మాత్రం లైబ్రరీలో కూర్చో" అన్నాడు. సరేనన్నాను. ఈ సంగతి అమ్మకు చదివి వినిపించు, కాస్త ధైర్యపడుతుంది.

మీ అందరికీ నా ఆశీస్సులు. మీ మేనమామకు మాత్రం ఇల్లు అమ్ముడయ్యాక ఇస్తాను.

నాన్న