కుడికాలి చెప్పులు

వదినగారికి నమస్కారాలు.

మీ చెల్లెలు పోయాక చెప్పుల దుకాణం నేనే తెరుస్తున్నాను. తెరవడమే, అమ్మడం లేదు. దొంగల భయంతో ఆవిడ బయట అన్నీ ఎడమకాలివే పెట్టేది కదా! "ఒంటికాలి దొంగొస్తే పాపం, పట్టుకుపోనీయండి" అనేది. బేరం కుదిరాక నన్ను గల్లా దగ్గర కూర్చోబెట్టి, వెనక ఇంట్లోకెళ్ళి కుడిది తెచ్చేది. ఎక్కడ దాచావే అంటే, "మీ నోట్లో నువ్వుగింజ నానదు, చెప్పను" అనేది. చెప్పకుండానే వెళ్ళిపోయింది.

నిన్న ఒక పెద్దాయన ఎడమది వేసుకుని, కుడిది తెస్తేగానీ కదలనని సాయంత్రం దాకా కూర్చున్నాడు. టీ ఇచ్చి బతిమాలి పంపాను. అందుకే మీరొచ్చి కాస్త వెతికి పెట్టాలి.

ఉండబట్టలేక చెప్పేస్తున్నాను. ఆ పెద్దాయన వెళ్ళగానే అన్నీ దొరికాయి. నా మంచం కిందే! నేను జన్మలో అక్కడ చీపురు పెట్టనని ఆవిడ ధీమా. చూసి, మళ్ళీ అక్కడికే తోసేశాను.

మీరు మాత్రం ఏమీ తెలియనట్టే రండి. "ఎక్కడ తగలేశావే తల్లీ!" అని గట్టిగా తిడుతూ ఇల్లంతా వెతకండి. ఈ ఇంట్లో ఆవిణ్ణి ఎవరూ నోరారా పిలవక చాలా రోజులైంది.

మంచం కింద ఆఖర్న చూద్దురుగాని.

మీ మరిది