ఏప్రన్ల పుస్తకంలో ఇద్దరు యేషిలు

ఫిబ్రవరి 27, మంగళవారం

పెర్త్‌కు వచ్చి ఇరవై రెండేళ్ళయింది. ఇన్నేళ్ళలో నేను చేత్తో రాసినవి రెండే. ఫిలిప్పీన్స్‌లో, మా ఇలోయిలోలో ఉన్న అమ్మకు ఏటా ఒక క్రిస్మస్ కార్డు, కాలేజీలో ఏప్రన్ల పుస్తకం. అమ్మ పోయాక కార్డు ఆగిపోయింది. ఏప్రన్ల పుస్తకంలో ఉన్నవి నాలుగే గడులు: పేరు, ఏప్రన్ నంబరు, తీసుకున్న టైము, సంతకం. ఈ రోజు ఉల్లిపాయల బండి రాలేదు. ఆ మాట రాయడానికి అందులో చోటు లేదు. వచ్చే దారిలో రెండు డాలర్లు పెట్టి ఈ నోటుబుక్కు కొన్నాను.

ఉల్లిపాయలు రాకపోతే ఏం మునిగిందని ఎవరైనా అనుకోవచ్చు. వంట నేర్పే కాలేజీలో స్టోరు చూసే మనిషికి అది చిన్న సంగతి కాదు. పోయిన వారం కోడిమాంసం ఆగింది. అంతకుముందు వారం నూనె. కూరగాయలాయనకు ఫోన్ చేస్తే కోప్పడలేదు. అందుకే భయం వేసింది. నువ్వు మంచిదానివి ఫెలీ, నిన్నేమీ అనను, మీ డైరెక్టర్ని మాత్రం ఒక్కసారి నా ఫోన్ ఎత్తమని చెప్పు అన్నాడు.

డైరెక్టరు మా ఫోన్లూ ఎత్తడం లేదు. ఆఫీసులో ఫీజుల పని చూసే అమ్మాయి జనవరిలోనే మానేసింది. ఆ కంప్యూటర్ ముందు ఇప్పుడు ఎవరు కూర్చుంటున్నారో నాకు తెలియదు.

ప్రభువా, ఈ పూటకు అన్నం ఉంది. నీకు వందనం.


ఫిబ్రవరి 29

చెఫ్ జోరాన్ ఒక్క గుమ్మడికాయతో ఇరవై మందికి ఆరు రకాల కోతలు నేర్పాడు.


మార్చి 1, శుక్రవారం, సాయంత్రం

కాలేజీ వాషింగ్ మెషీను పాడై ఏడాదవుతోంది. ప్రతి శుక్రవారంలాగే మాసిన ఏప్రన్లు ఇంటికి తెచ్చాను. మొత్తం యాభై ఎనిమిది, మూడు సంచులు. లెక్క సరిచూసుకోవడానికి పుస్తకాన్ని కూడా సంచిలో వేసుకున్నాను.

ఆ పుస్తకం చూసి చెఫ్ ఈ రోజు మళ్ళీ దెప్పాడు. పెద్ద యేషి, చిన్న యేషి అని రాస్తావేంటి ఫెలీ, ఇదేమన్నా కోళ్ళ ఫారమా, పాస్‌పోర్టులో ఉన్న పేరు రాయి అన్నాడు. పాస్‌పోర్టులో ఇద్దరి పేరూ ఒకటే మరి. యేషి దేమా. భూటాన్ పిల్లలకు ఇంటిపేరు ఉండదు, లామా పెట్టిందే పేరు. పుట్టినరోజు ఎవరూ రాసిపెట్టుకోని ఊళ్ళలో కాగితాల మీద అందరూ జనవరి ఒకటినే పుడతారు. వీళ్ళిద్దరిదీ అదే తేదీ, అదే సంవత్సరం.

ఒకరు స్టోరు తలుపు దగ్గర తల వంచి రావాలి. ఇంకొకరు ఏప్రన్‌ను నడుము దగ్గర రెండు మడతలు వేస్తే గాని నడవలేదు. ఆ చిన్న యేషికి ఊళ్ళో తల్లి దగ్గర రెండేళ్ళ కూతురుంది. రోజూ ఏప్రన్ తీసుకుంటూ ఫోన్లో కూతురి ఫొటో చూపిస్తుంది. నిన్నటి ఫొటోనే అయినా కొత్తది చూసినట్టే చూస్తాను.

చెఫ్‌తో సరే అన్నాను. పుస్తకంలో మాత్రం నాకు తెలిసినట్టే రాశాను.


మార్చి 5, మంగళవారం, ఉదయం 10 గంటలకు

నిన్న సెలవు. ఈ రోజు వెళ్ళేసరికి గేటుకు గొలుసు, అద్దానికి ఒక కాగితం. కాలేజీ మూతపడింది, ఆస్తులు లిక్విడేటర్ చేతికి వెళ్ళాయి అని నాలుగు వరుసలు. లిక్విడేటరంటే మూతపడిన వ్యాపారం సొత్తు లెక్క తేల్చే మనిషట.

పిల్లలు రోడ్డు పక్కన నిలబడి ఉన్నారు. చిన్న యేషి కత్తుల సంచిని చంటిబిడ్డలా ఎత్తుకుని ఉంది. ఆంటీ, జనవరిలోనే రెండు టర్ములకు కట్టేశాను, తొమ్మిదివేల నాలుగొందలు, నేనూ మా ఆయనా రెండేళ్ళు కూడబెట్టింది అంది. ఏడవలేదు. అదే మాట మూడుసార్లు చెప్పింది.

చెఫ్ పాలడబ్బాల పెట్టె బోర్లించి ఎక్కాడు. వినండి అబ్బాయిలూ అమ్మాయిలూ, నేను పనిచేస్తుండగా మునిగిన కాలేజీల్లో ఇది రెండోది, ఇప్పుడు నాకు ఈత వచ్చు అన్నాడు. ఎవరో నవ్వారు. ఈ దేశంలో విదేశీ విద్యార్థులు కట్టిన ఫీజుకు కాపలా ఉందట. రెండు వారాల్లోగా కాలేజీయే డబ్బు వెనక్కివ్వాలి, లేదంటే వేరేచోట సీటు చూపించాలి. రెండూ చెయ్యకపోతే ట్యూషన్ ప్రొటెక్షన్ అని ప్రభుత్వం పెట్టిన వాళ్ళు చూసుకుంటారు. మీకు మెయిల్ వస్తుంది, రోజూ చూసుకోండి, ఏ ఏజెంటైనా మధ్యలోకి వచ్చి కమిషన్ అడిగితే వాణ్ణి నా దగ్గరికి పంపండి అన్నాడు.

నా సంచిలో ఉన్న బన్నులు అందరికీ పంచాను. ఒక్కొక్కరికి సగం వచ్చింది.


మార్చి 6

చెఫ్‌కు ఫోన్ చేసి అడిగాను, ఆ ఫీజుల డబ్బు ఎక్కణ్ణించి వస్తుందని. అన్ని కాలేజీలూ ఏటా కొంత కట్టాలట. ఒకటి కూలితే ఆ నిధిలోంచి తీస్తారట.

ఇది మాకు తెలిసినదే. మా ఊళ్ళో ఎవరైనా పోతే ప్రతి ఇంటివాళ్ళూ అబులోయ్ వేస్తారు, చావు ఖర్చుకు చేతనైనంత డబ్బు. పోయినవాడు మంచివాడా, అప్పులోడా అని అడగరు. నాన్న పోయినప్పుడు మాతో మాటల్లేని వాళ్ళు కూడా వేశారు. ఈ పిల్లల మొహం ఎన్నడూ చూడని కాలేజీలు వీళ్ళ కోసం ముందే వేసి ఉంచాయి. ఆ చట్టం రాసిన వాళ్ళెవరో తెలియదు. ఈ రాత్రి జపమాలలో వాళ్ళను తలుచుకున్నాను.


మార్చి 11, సోమవారం

శనివారం చర్చిలో పాపసంకీర్తనకు వెళ్ళాను. కాలేజీ సొత్తు యాభై ఎనిమిది ఏప్రన్లు, ఒక పుస్తకం నా ఇంట్లో ఉన్నాయని చెప్పాను. ఫాదర్ ఉతికావా అని అడిగారు. ఉతికానన్నాను. ఇస్త్రీ కూడా చేశావా అన్నారు. చేశానన్నాను. దొంగలు ఇస్త్రీ చెయ్యరమ్మా, వెళ్ళి ఆ లిక్విడేటర్‌కు అప్పగించు అన్నారు.

ఈ రోజు లిక్విడేటర్ ఆఫీసుకు ఫోన్ చేశాను. ఇరవై ఆరో తేదీ రమ్మన్నారు. రేపే తెస్తానంటే, ఏప్రన్ల కోసం ఎవరూ తొందరపడటం లేదమ్మా అన్నారు.


మార్చి 21

నిన్న అందరికీ మెయిల్స్ వచ్చాయి. చిన్న యేషికి రాలేదు.

ప్రొటెక్షన్ వాళ్ళకు తనే ఫోన్ చేసి కనుక్కుంది. నీ అడ్మిషన్‌ను కాలేజీ ఫిబ్రవరి పన్నెండునే రద్దు చేసింది, ఫీజు కట్టలేదని కారణం రాసింది, మూతపడిన రోజుకు నువ్వు విద్యార్థివి కాదని అక్కడ నమోదై ఉంది అన్నారట. కట్టాను కదా అంటే రసీదు పంపమన్నారు. రసీదు మీద, ఫీజు కట్టించుకున్న ఏజెంటు రాసింది ఒక్కటే, యేషి దేమా అని. విద్యార్థి నంబరు లేదు. ఆ ఏజెంటు ఫోన్ ఎత్తడం లేదు.

ఫీజు పోతుంది. చదువుతున్నట్టు కాగితం లేకపోతే వీసా కూడా పోతుంది. మా ఇంటి మెట్ల మీద కూర్చుని, నేను రోజూ వచ్చాను కదా ఆంటీ అంది. అవునమ్మా, రోజూ వచ్చావు అన్నాను. అన్నం పెట్టాను. సగం తింది.


మార్చి 23, శనివారం, రాత్రి 9

ఇది రాయాలా వద్దా అని చాలాసేపు కూర్చున్నాను.

చీకటి పడ్డాక పెద్ద యేషి వచ్చింది. తల వంచడం మరిచిపోయి గుమ్మానికి కొట్టుకుంది. ఫోన్ నా చేతిలో పెట్టింది. ఆమె కట్టింది తొమ్మిదివేల నాలుగొందలు. ప్రొటెక్షన్ వాళ్ళ లెక్కలో పద్దెనిమిదివేల ఎనిమిదొందలు ఉంది. ఒకే పేరు, ఒకే పుట్టినరోజు. ఆఫీసులో ఫీజుల అమ్మాయి మానేశాక ఎవరో ఇద్దరినీ ఒకరనుకుని, ఒకరి డబ్బు రెండోవారి ఖాతాలో వేసి, మిగిలిన పేరు కొట్టేశారు.

మెయిల్ వచ్చిన పొద్దున్నే చూశానాంటీ అంది. గదిలో ఉండేవాళ్ళు నోరు మూసుకో పిచ్చిదానా, నువ్వు దొంగిలించావా, నీ దేవుడు ఇచ్చాడు అన్నారట. మూడు రాత్రులు ఎవరికీ చెప్పకుండా ఉంచుకుందట. ఆ మూడు రోజులూ చిన్న యేషి ఫోన్ చేసి తనతోనే ఏడ్చిందట, తను ఓదార్చిందట. లామా ఒక పేరు ఇద్దరికి ఇచ్చాడు, డబ్బు మాత్రం ఒకరికే ఇమ్మనలేదు కదా ఆంటీ అంది. డబ్బు ఇచ్చేస్తాను, కానీ ఈ మూడు రాత్రుల సంగతి దానికి ఎప్పటికీ తెలియకూడదు అని నా చెయ్యి పట్టుకుంది. మాటిచ్చాను.

ఆమె ఒప్పుకుంటే డబ్బు ఎవరిదో తేలుతుంది. రద్దయిన రోజు తర్వాత కూడా చిన్న యేషి చదువుతూనే ఉందని ఎవరు చెప్పాలి? అప్పుడు లేచి మూడో సంచి తెరిచి ఏప్రన్ల పుస్తకం తీశాను.

ఫిబ్రవరి పన్నెండు నుంచి మార్చి ఒకటి వరకు పదిహేను రోజులు. ప్రతిరోజూ రెండు వరుసలు. పెద్ద యేషి, పన్నెండో నంబరు ఏప్రన్, ఇంగ్లీషులో గుండ్రటి సంతకం. చిన్న యేషి, ముప్ఫై ఒకటో నంబరు, తమ లిపిలో సంతకం. ఇరవయ్యో తేదీ మాత్రం చిన్న యేషి వరుస లేదు. ఆ రోజు పన్ను నొప్పి.

లిక్విడేటర్ అప్పుడే రమ్మని ఉంటే ఈ పుస్తకం ఈపాటికి ఏ గోదాములోనో ఉండేది. దేవుడు ఆలస్యంతో కూడా పని చేయించుకుంటాడు.


మార్చి 25, సోమవారం

ప్రొటెక్షన్ ఆఫీసు నుంచి నోలీన్ అనే ఆమె ఫోన్లో మాట్లాడింది. నా పక్కన ఇద్దరు యేషిలూ ఉన్నారు. పెద్ద యేషి తన లెక్కలో ఎక్కువ పడిందని చెప్పింది. ఎప్పుడు చూసుకుందో నోలీన్ అడగలేదు. అందుకు కూడా వందనం.

పుస్తకంలో పేజీల ఫొటోలు పంపాను. పెద్ద, చిన్న అని ఎందుకు రాశారమ్మా అని అడిగింది. సిగ్గుపడుతూ, ఏప్రన్ సరిపోవాలి కదండీ అన్నాను. నవ్వింది. రికార్డులన్నీ మీలాంటి వాళ్ళ చేతిలో ఉంటే నా ఉద్యోగం పోయేది ఫెలీ అంది. తర్వాత గొంతు మార్చి, ఇది బలమైన కాగితమే, కానీ నేనిప్పుడు మాటివ్వలేను, మీరు చూసింది మీ మాటల్లో రాసి, లైబ్రరీలో ప్రమాణాలకు సాక్షిగా ఉండే జేపీ ముందు ప్రమాణం చేసి సంతకం పెట్టి పంపండి అంది.

నేను హైస్కూలు దాకా చదివిన మనిషిని. ఐదు వాక్యాలు రాయడానికి మధ్యాహ్నమంతా పట్టింది. పన్ను నొప్పి సంగతి కూడా రాశాను. అది రాస్తే నష్టమేమో ఆంటీ అంది చిన్న యేషి. ప్రమాణం చేసి ఒక రోజు దాచలేను తల్లీ అన్నాను. జేపీ ముసలాయన చదివి, ఇందులో అనవసరమైన మాట ఒక్కటీ లేదు అన్నాడు.


మార్చి 26

లిక్విడేటర్ దగ్గర పనిచేసే ఆయన పుస్తకం తీసుకుని రసీదు ఇచ్చాడు. ఏప్రన్లు చూసి, ఇవి నేనేం చేసుకోనమ్మా, మా ఆఫీసులో గుడ్డు వేయించడం కూడా ఎవరికీ రాదు అన్నాడు. అవి మీరే ఉంచుకోండని కాగితం రాసిచ్చాడు. మళ్ళీ మూడు సంచులూ మోసుకొచ్చాను.


మార్చి 29, పవిత్ర శుక్రవారం

ఇద్దరు యేషిలూ మా ప్రార్థన అయ్యేదాకా చర్చి బయట మెట్ల మీద పక్కపక్కన కూర్చున్నారు.


ఏప్రిల్ 8

ఏమీ రాలేదు.


ఏప్రిల్ 17, బుధవారం

వచ్చింది.

రద్దు పొరపాటున జరిగిందని ఒప్పుకున్నారు. తొమ్మిదివేల నాలుగొందలూ చిన్న యేషి పేరు మీదికి మారాయి. డబ్బు వెనక్కి కావాలా, మిగిలిన చదువుకు వేరే కాలేజీలో సీటు కావాలా అని అడిగారు. సీటే కోరుకుంది. సోమవారం నుంచి క్లాసులు. కొత్తగా ఒక్క సెంటు కూడా కట్టనక్కర్లేదు. పెద్ద యేషికీ అక్కడే సీటు దొరికింది.

చిన్న యేషి నా వంటింట్లో నేల మీద కూర్చుని కూతురికి వీడియో కాల్ చేసింది. ఆ పిల్ల నన్ను చూసి ఏదో అంది. ఏమందని అడిగాను. ఈవిడేనా ఏప్రన్ల ఆవిడ అని అడుగుతోందట.

చెఫ్‌కు ఫోన్ చేశాను. కోళ్ళ ఫారం గెలిచిందన్నమాట అన్నాడు.

నోలీన్‌కు, జేపీ ముసలాయనకు, ముఖం తెలియని ఆ కాలేజీలకు, మూడు రాత్రుల తర్వాత నా గుమ్మానికి తల కొట్టుకున్న ఆ అమ్మాయికి వందనం. ఇంకెవరినైనా మరిచిపోతే, ప్రభువా, నీకు తెలుసు.


ఏప్రిల్ 22, సోమవారం, ఉదయం 7:30

కొత్త కాలేజీలో యూనిఫారం ఇస్తారట. అయినా ముప్ఫై ఒకటో నంబరు ఏప్రన్ కావాలని చిన్న యేషి వచ్చింది. పుస్తకం లేదు కనుక ఇక్కడే రాశాను. ఆ మూడు రాత్రుల సంగతి కనబడకుండా ముందు పేజీలన్నీ బొటనవేలితో అదిమిపట్టి, కింద సంతకం పెట్టమన్నాను. పెట్టింది.

నా తర్వాత ఇది ఎవరి చేతికి వచ్చినా, దాచండి. ఈ సంతకం పెట్టిన అమ్మాయికి మాత్రం చూపించకండి.