నానా బ్రాగో గారి చెవులు

ఫిబ్రవరి 9
ఈ డైరీ చదవబోయే మహాజనులారా, మన్నించండి. ఇందులో వీరత్వం లేదు, త్యాగం లేదు, ప్రేమ అసలే లేదు. మహాజనులు కూడా లేరు. డిగ్రీ కాగానే ఏడాది నేషనల్ సర్వీస్ చేయాలని సర్కారు వాళ్లు నన్ను ఈ ఊరి ఆరోగ్య కేంద్రంలో పడేశారు. పసిపిల్లల్ని తూకం కొక్కేనికి తగిలించడం నా ఉద్యోగం. కుమాసీ పట్నంలోని స్నేహితులు ఫోన్లు మానేశారు.

సాయంత్రాలు నా జోకులకు నవ్వేది ఒక్కరే. నేను అద్దెకుండే ఇంటావిడ అఫ్రకోమా కూతురు, రెండేళ్ల నానా బ్రాగో గారు. పోయిన అమ్మమ్మ పేరు పెట్టారు, నానా అంటే ఇక్కడ పెద్దవాళ్లను పిలిచే మర్యాద, అంచేత కన్నతల్లే 'నానా, భోంచేస్తారా' అంటుంది. కేకేయడం, గద్దించడం నిషిద్ధం.

ఫిబ్రవరి 17
ముఖం పక్కకు తిప్పుకుని నా జీవితంలోకెల్లా గొప్ప జోకు చెప్పాను. నానా నవ్వలేదు.

నానా గారి వెనకాల అల్యూమినియం బేసిన్ కింద పడేశాను. కోళ్లు ఎగిరాయి, మేక పారిపోయింది. నానా గారు వేరుశెనక్కాయ ఒలుచుకుంటూనే ఉన్నారు. అఫ్రకోమా మురిసిపోయింది. మా అమ్మా అంతే, ఊరి పెద్ద వచ్చి పిలిచినా తనకు బుద్ధి పుడితేనే తిరిగి చూసేది, అంది.

ఫిబ్రవరి 20
నర్సుకు చెప్పాను. గురువారం జిల్లా ఆసుపత్రిలో పిల్లల చెవులు పరీక్ష చేస్తారట. పుట్టిన నెలలోనే చూపించాల్సింది, ఇంకా ఆగితే మాటలు రావడం కష్టం, అంది.

అఫ్రకోమా ససేమిరా అంది. మా అమ్మ చెవుల్లో గొట్టాలు పెట్టిస్తానా, పెళ్లాం పిల్లలు లేనివాడివి నీకేం తెలుసు నాయనా, అంది. లేని మాట నిజమే.

ఫిబ్రవరి 22
పొద్దున్నే వెళ్లి, పెద్దావిడ కలలోకి వచ్చారని చెప్పాను. తెల్లబట్ట కట్టుకుని, నాకు చెవులు మూసుకుపోయాయి, మా అమ్మాయికి పట్టలేదు, అన్నారని. అఫ్రకోమా చతికిలబడింది. గొంతు ఎలా ఉంది అని అడిగింది. కోపంగా ఉంది అన్నాను. అయితే అమ్మే, అంది.

ఫిబ్రవరి 24
జిల్లా ఆసుపత్రిలో పరీక్ష చేశారు. నానా గారికి రెండు చెవులూ వినబడవట. మిషన్లు పెడితే కొంత వినొచ్చు, కానీ ఓపిగ్గా నేర్పాలట. తిరిగి వచ్చే వ్యానులో అఫ్రకోమా పిల్లను ఒళ్లో తనవైపు తిప్పుకుంది. ఇన్నాళ్లూ మర్యాద చేస్తున్నాననుకున్నాను, అంది.

మార్చి 6
పిల్లకు నేర్పించే బడి కుమాసీలో ఉందని ఇద్దరూ వెళ్లిపోయారు. అమ్మ మళ్లీ కలలోకి వస్తే నా మీద కోపం పోయిందేమో అడుగు, అని అఫ్రకోమా ఒట్టు వేయించుకుంది.

వాకిట్లో ఒక్కణ్నే కూర్చుని జోకు చెప్పాను. మేక వింది.

మార్చి 7
కల రాలేదు. ఆ రోజూ రాలేదు. నేనే కల్పించాను.