కాకి ముట్టిందని పిల్లను పంపకు

చెల్లె రాజవ్వకు,

భూపాలపల్లి నుంచి నీ అన్న మల్లయ్య దీవెనలతోని రాసేది. నేను మంచిగనే ఉన్న, రంది పడకు. బావ మోకాళ్ల నొప్పులు జర తగ్గినయా? స్వరూప కడుపునిండ తింటున్నదా? ఫోన్ల నాకు నోరు పెగలదు, నీకు ఎరికే. ఇది స్వరూపతోనె చదివిచ్చుకో.

ఇక్కడ ఎండలు మండుతున్నయ్. బొగ్గు దుమ్ముకు తెల్లంగి మధ్యాహ్నానికే నల్లగైతది. మనసు డాక్టర్ దవాఖాన గేటు కాడ నా పని. కుర్సీ ఉన్నది, ఫ్యాను లేదు. మాట్లాడే మనిషి లేడు. హోటల్ అన్నం గొంతు దిగదు, ఎవలన్న వస్తె జొన్నపిండి పంపు. మంచిగనే ఉన్న, రంది పడకు.

నీ అల్లుడు రవీందర్ ఆదివారం పెద్దమనుషులను తీస్కొని స్వరూపను తోల్కపోతందుకు వస్తడట. నువ్వు పంపుతనన్నవట. "వాళ్లమ్మ సచ్చిన మూడోనాడు పిట్టకు పెట్టినప్పుడు మాటిచ్చిండు, కాకి ముట్టింది, ఇంక అబద్ధమెట్లయితదే" అన్నవట. పిల్లే ఫోన్ చేసి ఏడ్సింది.

ఆ కాకి సంగతి చెప్త విను. ఆ నాడు అందరం ఎండల నిలబడ్డం. ఇస్తారి కాడికి కాకి రాలే. ఒక్కొక్కలు దండం పెట్టి సచ్చిపోయినామెకు మాటిస్తున్నరు. వీడు బొర్లపడి, "అవ్వా, నీ కోడలిని పువ్వోలె చూసుకుంట" అని ఏడ్సిండు. కాకి వచ్చి ముట్టింది. నువ్వు ఏడ్సినవు, నేను గూడ కండ్లు తుడ్సుకున్న.

వాపసొచ్చేటప్పుడు వాని పక్కనే నడిచిన. వాని కండ్లల్ల చుక్క లేదు. "పెద్దబాపూ, కాళ్లు కాలుతున్నయే. ఏదో ఒకటి అనకపోతె ఆ కాకి పొద్దుందాక రాకపోవు. ఎట్ల ఏడ్సిన, మంచిగుందా?" అని నవ్విండు.

తల్లి బూడిద చల్లారలే, మంచిగుందా అని అడుగుతడు! థూ. చావింట్ల లొల్లెందుకని ఊకున్న.

స్వరూపకు జరమొస్తె చెంచతోని గంజి తాపుకుంట ఫోటో దిగి ఊరంత పంపిండు. "అల్లుడు బంగారం" అన్నరు మీరంత. ఫోటో అయినంక గిన్నె కింద పెట్టి పోయిండు. మిగిలిన గంజి, పిల్లను చూడవొచ్చిన నేను తాపిన. తానే తిడతడు, తానే అలుగుతడు, మళ్ల పిల్లతోని కాళ్లు మొక్కిచ్చుకుంటడు.

మా డాక్టర్ సారును అడిగిన. "మనిషిని చూడకుండ జబ్బు పేరు పెట్టను తాతా" అన్నడు. "గని కొందరుంటరు. ఎదుటోని నొప్పి తెలుస్తది, తాకదు. పొగడకపోతె ఉండలేరు. తప్పు ఎప్పుడు అవతలోళ్లదే. మారాలని వాళ్లకే ఉండాలె, మనం బతిలాడితె మారరు. అట్లని మనసు బాగలేనోళ్లంత చెడ్డోళ్లు గాదు."

అది నిజమే. గేటు కాడ రోజు చూస్తున్న. ఇక్కడికొచ్చేటోళ్లు వాళ్ల బాధకు ఏడుస్తరు. వీడు మంది కోసం ఏడుస్తడు. వానికి జబ్బుందో, పొగరుందో, నాకెందుకు? పైన పటారం, లోన లొటారం. ఆ లొటారంల మన పిల్ల కాపురం జెయ్యాల్నా?

స్వరూపా, నీ తప్పేం లేదు బిడ్డా. బావకు నమస్తె. పెద్దవ్వ కాళ్లకు దండం, ఆమె దీవెన నా మీద ఉండాలె.

చెల్లె, ఆదివారం వాడు పదిమందిల నీ కాళ్ల మీద పడి ఏడుస్తడు. మంచిగనే ఏడుస్తడు, అలవాటున్నది. మంచినీళ్లియ్యి. పిల్లనియ్యకు.

నీ మేలు కోరే అన్న,
మల్లయ్య