నా కళ్లెలో పురుగు

జూలై 3, డోన్
విరేచనాలు. పొద్దుటినుంచి ఆరుసార్లు. దగ్గు. పొట్టమీద ఎర్రటి గీత — పొద్దున బొడ్డు పక్కన ఉన్నది, మధ్యాహ్నానికి నడుము దాకా పాకింది. అక్క కిడ్నీ ఇచ్చి తొమ్మిది నెలలు. ఇన్నాళ్లూ బాగానే ఉన్నాను.

జూలై 5
కర్నూలు ఆస్పత్రి. మలం, కళ్లె డబ్బాల్లో పట్టి ఇచ్చాను. నా వాసనకు నేనే ముక్కు మూసుకున్నాను.

జూలై 6
పురుగులు. పేగుల్లో, ఊపిరితిత్తుల్లో. పొట్టమీది గీత కూడా చర్మం కింద అవి పాకిన దారేనట. మట్టిలోంచి పాదాల చర్మం గుండా దూరుతాయట. ఏళ్ల తరబడి చప్పుడు చేయకుండా పడి ఉంటాయట. కొత్త కిడ్నీని ఒళ్లు తోసేయకుండా నేను మింగే మాత్రలు ఒంట్లోని కాపలాను తగ్గించాయి — ఇంకేం, లోపలే పెరిగిపోయాయి.
ల్యాబులో మైక్రోస్కోపు చూపించి "చూస్తారా సార్?" అన్నారు. చూడకుండా ఉండాల్సింది. నా కళ్లెలో సన్నటి దారం ముక్క... మెలికలు తిరుగుతోంది. బయటికొచ్చి వాంతి.

జూలై 7
పురుగుల మందు మొదలు. కిడ్నీ మాత్రలు సొంతంగా ఆపొద్దన్నారు. డాక్టరమ్మ ఇంకో మాట కూడా అంది — కిడ్నీతోపాటు వచ్చి ఉండొచ్చు, మీ అక్కకూ పరీక్ష చేయిద్దాం...
అక్క. బద్వేలు దగ్గర చెప్పుల్లేకుండా మడిలో దిగే మనిషి.
కిడ్నీ పెట్టిన కుట్ల మచ్చమీద చెయ్యి పెట్టుకోలేకపోతున్నాను. సుజాత ఒళ్లు తుడవబోతే — ఇరవై ఏళ్ల కాపురం — చేతిని తోసేశాను.

జూలై 8
అక్క వచ్చింది. చెయ్యి పట్టుకోబోయింది. లాక్కున్నాను.
"ఏమైందిరా? ఎందుకట్ల చూస్తాండావు?"
"నీ కిడ్నీలోంచే వచ్చినాయంట పురుగులు."
డాక్టరమ్మ అలా అనలేదు. ఉండొచ్చు అంది, అంతే.
అక్క పగిలిన పాదాలు చీర కిందికి లాక్కుంది.

జూలై 9
అక్క డబ్బా పట్టుకుని ల్యాబు దగ్గర వరసలో. రక్తం కూడా ఇచ్చింది. నా గదిలోకి రాలేదు. సుజాతతో అందట — "నా ఒంట్లోది వానికి పెట్టి, నేనే తమ్ముణ్ణి చంపుకుంటినేమో."

జూలై 12
విరేచనాలు తగ్గాయి. గీత మాసింది. సుజాత సేమియా తెచ్చింది. గిన్నె చూసి మొహం తిప్పుకున్నాను.

జూలై 15
అక్క రిపోర్టులు. మలంలో లేదు. రక్తంలోనూ లేదు. ఆపరేషన్‌కు ముందు నా దగ్గర తీసి దాచిన రక్తంలో మాత్రం పురుగుల ఆనవాళ్లు ఉన్నాయి.
"మీలోనే ఎప్పటినుంచో ఉన్నాయండీ," అంది డాక్టరమ్మ.
ఛీ... నా నోరు.

జూలై 16
అక్క నిన్ననే, రిపోర్టులు రాకముందే ఊరికి వెళ్లిపోయింది. ఫోన్ చేశాను. నేను నోరు తెరవకముందే — "నీకు తగ్గిండాదా? నాకూ మందు రాసిచ్చినారా? ఎంత చేదైనా మింగుతాలే."
"నీకేం లేదక్కా."
"మరి యాడినుంచి వచ్చినాయిరా?"
వినపడటంలేదని చెప్పి పెట్టేశాను.