ఎల్రిక్ గారు కనిపించని మధ్యాహ్నం

బెల్మాంట్, పోర్ట్ ఆఫ్ స్పెయిన్
భస్మ బుధవారం

చిరంజీవి జోసెట్‌కు,

వెర్లిన్ ఆంటీ దీవించి రాయునది. ఇక్కడ మీ అమ్మ, నాన్న, నేను ముగ్గురం క్షేమం. నువ్వు కంగారుగా కింది వాక్యాలకు పరుగెత్తకుండా ఈ మాట ముందే రాస్తున్నాను. నిన్న రాత్రి ఫోన్‌లో నువ్వు ఏడుస్తుంటే అంతా వివరంగా చెప్పలేకపోయాను. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మీ నాన్నకు మతిమరుపు ముదిరింది, ఈ కార్నివాల్ వీధి పండుగకు వద్దని నువ్వెంత పోరావో నాకు తెలుసు. అమ్మ ఆయన చేయి వదలకూడదన్న షరతు మీదే డొమినికా నుంచి పంపావు. సోమవారమంతా మీ అమ్మ, మా ఇస్మే అక్క, ఆ చేయి వదల్లేదు. స్నానాల గది దాకా కూడా వెంట వెళ్లింది.

నిన్న, మంగళవారం మధ్యాహ్నం, అరియపీటా వీధిలో నిలబడ్డాం. ఎండ మాడ్చేస్తోంది. పాటల లారీలు ఒకదాని వెనక ఒకటి, పక్కటెముకలు అదిరేలా మోత. వేషగాళ్ల గుంపొకటి ఈకలూ పూసలూ ఊపుకుంటూ మా మీదికి వచ్చేసింది. అది దాటాక చూస్తే అక్క ఒక్కతే ఉంది. చేయి జారిపోయిందట.

ఎల్రిక్ అని పేరు పెట్టి పిలుద్దామంటే ఆ హోరులో నా గొంతు నాకే వినపడలేదు. ఆయన దగ్గర ఫోన్ లేదు, ఒక్కోసారి తన పేరే చెప్పలేడు. నా కళ్లకు లారీ చక్రాలు తప్ప ఇంకేమీ ఆనలేదు. ఈకల కిరీటం పెట్టుకున్న పిల్లనొకదాన్ని, తెల్ల టోపీ పెద్దాయన్ని చూశావా అని అడిగాను. "సగం వీధికి తెల్ల టోపీలే ఆంటీ! ఏ పిల్ల వెంటో పడుంటాడు, పొద్దు వాలాక తనే వస్తాడులే!" అని నవ్వింది. మతి నిలవని మనిషమ్మా అన్నాను. దాని నవ్వు ఆగిపోయింది. కిరీటం తీసి చంకన పెట్టుకుని, తన గుంపును వదిలేసి మాతో వచ్చింది. షెనెల్ దాని పేరు. ప్రథమ చికిత్స గుడారం చూశాం, పోలీసులకు చెప్పాం, సందుసందూ తిరిగాం. అక్క మాత్రం తన చేతినే చూసుకుంటూ మా వెనకే నడిచింది.

చివరికి షెనెలే కేక వేసింది. నావికుల వేషాల గుంపు నడుమ, మొహం నిండా వాళ్లు చల్లుకునే పౌడరుతో, ఎవరో ఇచ్చిన కర్ర ఊపుతూ, పడవ మీద నడుస్తున్నట్టు అటూ ఇటూ ఊగుతూ మీ నాన్న! చుట్టూ ఆడవాళ్లు చేతులు చాచి ఆయనకు కాపు కాస్తున్నారు. "ఈయన మా కెప్టెన్, ఎవరికీ ఇచ్చేది లేదు!" అన్నారు. మమ్మల్ని చూడగానే మీ నాన్న కస్సుమన్నాడు: "ఎక్కడ చచ్చావే ఇస్మే? నిన్ను వెతకలేక నా ప్రాణం పోతోంది!" అందరూ పగలబడి నవ్వారు. అక్క రోడ్డు మీదే కూలబడి ఏడ్చింది.

శనివారం విమానం నేనే దగ్గరుండి ఎక్కిస్తాను. అమ్మను ఒక్క మాట అనకు. నిన్నటి నుంచి ముద్ద ముట్టలేదు.

నీ మేలు కోరే
వెర్లిన్

తా.క. జోసెట్, అమ్మను రాస్తున్నాను. వెర్లిన్ తనకు తెలిసింది రాసింది. చేయి జారలేదు, నేనే వదిలాను. "నన్ను మేకలా కట్టేశావేమే, నాలుగడుగులు ఒక్కణ్ణే వేయనీ" అన్నాడు మీ నాన్న. సరేనన్నాను. ఆయన కనపడకుండా పోయినప్పుడు, భయం పుట్టక ముందు, నా చేయి తేలికైంది. ఎంతోసేపు కాదు, ఒక్క ఊపిరి. హాయిగా అనిపించింది తల్లీ. అప్పటి నుంచి నాకు నా మీదే భయంగా ఉంది. మేం ఇంటికి వచ్చాక, రోజూ కాసేపు ఆయన చేయి నువ్వు పట్టుకో.