సున్నం కొట్టినట్టున్న విమానం

గురువారం, బాపట్ల

హైవే మీద విమానాలు దించి చూసే ట్రయల్. పెళ్లి ఫొటోలు తీసుకునే నేను, పత్రికకి ఫొటో ఇస్తానని మొదటిసారి ఒప్పుకున్నాను. విమానం రెండుసార్లే వస్తుందన్నారు.

మొదటిసారి తీసింది చూసుకున్నాను. విమానం పొట్ట సున్నం కొట్టినట్టుంది, దాని మీది నంబరే కనబడట్లేదు.

"ఏంటి వదినా, దీనికీ పౌడర్ రాశావా?" అంది తోడొచ్చిన మా ఆడపడుచు రత్నం.

అప్పుడు వెలిగింది. పెళ్లికూతుళ్లు తెల్లగా పడాలని కెమెరాలో వెలుగు ఎప్పుడూ పెంచే ఉంచుతాను. విమానం మళ్లీ వచ్చేస్తోంది. గబగబా తగ్గించాను. ఈసారి నంబరు, రెక్క మీది మసితో సహా పడింది. పత్రికవాళ్లు తీసుకున్నారు.

సాయంత్రం రేపల్లె నుంచి ఫోను. ఆదివారం నేను ఫొటోలు తీయాల్సిన పెళ్లికూతురి తల్లి.

"పిల్ల చామనఛాయండి, కాస్త తెల్లగా తీయండి."

"అలాగేనండి" అనేశాను.

ఇన్నేళ్లలో ఏ పెళ్లికూతురినీ, నీకెలా కావాలమ్మా అని అడగనే లేదు. ఆదివారమైనా అడుగుతానా, వాళ్లమ్మ పక్కనుండగా...